‘పంపించేశామమ్మా’ అన్నారు, కవరు మాత్రం రాలేదు

ప్రశ్న: మా ఊరు పాత ప్రకాశం జిల్లాలోది, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. మా నాన్నగారు 2011లో పోయారు. ఆయన పేరున ఉన్న రెండెకరాల నలభై సెంట్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో మా పెదనాన్నగారి అబ్బాయి పేరున కనబడుతోంది. 2019 ప్రాంతంలో మార్చారని ఊళ్లో అంటున్నారు. ఏ కాగితం చూసి మార్చారో తెలుసుకుందామని మండల తహసీల్దారు ఆఫీసుకు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) ఫైలు, 1980 నుంచి అడంగల్ (ఏటా పొలం ఎవరి సాగులో ఉందో రాసే రెవెన్యూ రికార్డు) కాపీలు అడిగాను. స్పీడ్ పోస్టు జూన్ 9న వాళ్లకు అందినట్టు ట్రాకింగ్‌లో ఉంది. జూలై మూడో వారంలో ఫోన్ చేస్తే ‘పంపించేశామమ్మా’ అన్నారు. నాకేమీ రాలేదు. సెలవు పెట్టి వెళ్తే ఇంకొకాయన ‘మీరు ఫీజు కట్టలేదు కదా’ అన్నారు. మళ్లీ కొత్తగా దరఖాస్తు పెట్టమని మావారు, ఏకంగా సమాచార కమిషన్‌కు ఫిర్యాదు రాయమని తమ్ముడు అంటున్నారు. ఆ అన్నయ్యకు తెలిస్తే గొడవవుతుందని అమ్మకు టెన్షన్. నన్నేం చెయ్యమంటారు?
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, జూలై 27

సమాధానం:

అమ్మా, మిగతా సంగతులన్నిటికంటే ముందు ఒక తేదీ రాసి పెట్టుకోండి: ఆగస్టు 8. ఆలోపు మొదటి అప్పీలు మీ చేతి నుంచి బయటపడాలి.

లెక్క ఇదీ. దరఖాస్తు అందిన రోజు నుంచి 30 రోజుల్లో సమాచారం ఇవ్వాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం చెబుతుంది. మీది జూన్ 9న అందింది కాబట్టి జూలై 9తో ఆ గడువు అయిపోయింది. ఇచ్చామనీ లేదు, ఇవ్వమనీ లేదు, ఊరికే ఉండిపోయారు. ఊరికే ఉండిపోవడాన్ని చట్టం తిరస్కరణగానే లెక్కగడుతుంది. సెక్షన్ 7(2) అదే. తిరస్కరించారు కాబట్టి అక్కడి నుంచి మరో 30 రోజుల్లో మీరు అప్పీలు చేసుకోవాలి. అది ఆగస్టు 8తో ముగుస్తుంది. ఆ తర్వాత కూడా ఆలస్యానికి కారణం చెప్పి వేయొచ్చు గానీ, తీసుకోవాలా వద్దా అన్నది అప్పుడు వాళ్ల ఇష్టం. ఆ అవకాశం వాళ్లకెందుకివ్వాలి?

మీవంటి ఉత్తరాలు నాకు చాలా వస్తుంటాయి. వాటిలో సగానికి పైగా ఈ చోటే దెబ్బతింటాయి. ‘రేపు పంపిస్తాం’, ‘సార్ సంతకం కావాలి’, ‘సర్వే పనిలో ఉన్నాం’ అని వాళ్లంటారు, పాపం మనవాళ్లు నమ్మి కూర్చుంటారు. మూడు నెలలయ్యాక అప్పీలు రాస్తే ‘గడువు దాటింది’ అని జవాబు వస్తుంది. ఆఫీసువాళ్లు చెడ్డవాళ్లు కావచ్చు, మంచివాళ్లు కావచ్చు. గడువు మాత్రం ఎవరి మంచితనాన్ని బట్టీ ఆగదు.

మీవారి సలహా ఇక్కడే పనికిరాదు. కొత్త దరఖాస్తు పెడితే కొత్తగా 30 రోజులు మొదలవుతాయి, పాతదాని మీద మీకున్న హక్కు మురిగిపోతుంది. తమ్ముడి సలహా వినడానికి గట్టిగా ఉంది గానీ అందులో ఒక చిక్కుంది. కమిషన్‌కు నేరుగా వెళ్లే ఫిర్యాదు సెక్షన్ 18 కిందకి వస్తుంది. ఆ ఫిర్యాదు మీద కమిషన్ అధికారికి జరిమానా వేయగలదు గానీ, మీ కాపీలు ఇమ్మని ఆదేశించలేదని 2011లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాపీలు చేతికి రావాలంటే సెక్షన్ 19 కింద అప్పీలు దారిలోనే నడవాలి. మీకు కావలసింది ఎవరికో శిక్ష పడటం కాదు, ఆ ఫైలు. కాబట్టి అప్పీలు.

ఇక అసలు చిక్కు, వాళ్లు చెప్పిన రెండు మాటలు. ఫోన్లో ‘పంపించేశాం’ అన్నారు, ఎదుట ‘ఫీజు కట్టలేదు’ అన్నారు. ఒకరు అబద్ధం ఆడారని మీకు అనిపించి ఉంటుంది. నేను కొన్నేళ్లు రెవెన్యూ ఆఫీసులో తపాలు సీటులో కూర్చున్నవాణ్ణి, నాకు వేరే అనుమానం వస్తోంది. రెండు మాటలూ నిజమే అయి ఉండొచ్చు. పంపించింది కాపీలు కాదు, ‘ఇన్ని పేజీలు, ఇంత కట్టండి’ అనే ఫీజు ఉత్తరం. దాన్ని మామూలు పోస్టులో వేసి ఉంటారు, అది మీ అపార్ట్‌మెంటు దాకా రాలేదు. ఫోన్ ఎత్తినాయన రిజిస్టరులో మీ పేరు ఎదురుగా డిస్పాచ్ నంబరు చూసి ‘పంపించేశాం’ అనేశాడు. ఏం పంపారో ఆయన చూసి ఉండడు.

ఇలా జరిగి ఉంటే లెక్క కొంచెం మారుతుంది, జాగ్రత్తగా వినండి. ఫీజు ఉత్తరం పంపిన రోజు నుంచి మనం డబ్బు కట్టే రోజు వరకు ఉన్న కాలాన్ని 30 రోజుల్లో కలపరు. ఉదాహరణకు వాళ్లు నిజంగానే జూలై 2న ఆ ఉత్తరం పంపి ఉంటే, అప్పటికి 23 రోజులు అయిపోయాయి, మీరు డబ్బు కట్టాక వాళ్లకు ఇంకో 7 రోజులే మిగులుతాయి. జూలై 9 దాటాక పంపి ఉంటే మాత్రం ఫీజు అడిగే హక్కే వాళ్లకు లేదు. గడువు తప్పితే సమాచారం ఉచితంగా ఇవ్వాలని సెక్షన్ 7(6) చెబుతోంది. అంటే వ్యవహారమంతా ఆ ఉత్తరం మీదున్న తేదీలోనూ, అది నిజంగా ఆఫీసు గడప దాటిందా లేదా అన్నదానిలోనూ ఉంది.

దాన్ని ఎలా పట్టుకోవాలి? ఏ ప్రభుత్వ ఆఫీసులోనైనా బయటికి వెళ్లే ప్రతి కాగితానికీ డిస్పాచ్ రిజిస్టరులో ఒక నంబరు, తేదీ, చిరునామా పడతాయి. తపాలా బిళ్లలు ఎన్ని అంటించారో స్టాంపుల లెక్కలో రాస్తారు. స్పీడ్ పోస్టు అయితే పోస్టాఫీసు రశీదు ఉంటుంది. చేతికిచ్చి పంపితే ప్యూన్ బుక్‌లో సంతకం ఉంటుంది. ‘పంపాం’ అన్న మాటకు ఈ నాలుగింటిలో ఏదో ఒక సాక్ష్యం ఉండి తీరాలి. ఏదీ లేకపోతే కవరు ఇంకా ఎవరి బీరువాలోనో ఉన్నట్టే లెక్క. ఈసారి ఫోన్ చేస్తే ‘పంపారా?’ అని అడగకండి. ‘డిస్పాచ్ నంబరు ఎంత, ఏ తేదీ, ఏ పోస్టులో వేశారు, నా చిరునామా ఏమని రాసుకున్నారు?’ అని అడగండి. వాళ్లు చెప్పింది రాసుకుని, చెప్పినవారి హోదా కూడా పక్కన రాసుకోండి. అదే రోజు పీఐఓ (సమాచారం ఇవ్వాల్సిన అధికారి) పేరున ఒక ఉత్తరం పంపండి: ‘ఈ రోజు ఫోన్లో ఫలానా నంబరు, ఫలానా తేదీ అని చెప్పారు, నాకు ఏ కవరూ అందలేదు, దాని నకలు పంపండి’ అని. ఫోన్ మాట అప్పుడు కాగితం అవుతుంది.

చిరునామా సంగతి ఎందుకు అడగమన్నానంటే, మీ దరఖాస్తులో ఫ్లాట్ నంబరు, పిన్ కోడ్ సరిగ్గా రాశారో లేదో నాకు తెలియదు. తిరిగొచ్చిన కవర్లు ఆఫీసులో చాలానే పడి ఉంటాయి. ‘తలుపు తాళం’ అనో ‘చిరునామాదారు లేరు’ అనో పోస్ట్‌మన్ రాసి వెనక్కి పంపేస్తాడు, ఆఫీసులో దాన్ని ఫైలుకు గుచ్చేస్తారు, మళ్లీ పంపేవాడు ఉండడు. మీ ఫోన్ నంబరు దరఖాస్తు మీద రాసి ఉంటే కనీసం అడిగే వీలుండేది. పగలు ఇంట్లో ఎవరూ ఉండకపోతే ఈసారి మీ అమ్మగారి చిరునామానో, పనిచేసే చోటునో ఇవ్వండి. స్పీడ్ పోస్టు నంబరు ఇచ్చారంటే దాన్ని పట్టుకుని మీ ప్రాంతపు డెలివరీ పోస్టాఫీసులో అడగండి. ట్రాకింగ్ పేజీని ఇప్పుడే ఫోటో తీసి పెట్టుకోండి, కొన్నాళ్లకు అది తెర మీద కనబడదు.

మధ్యలో ఒక మాట. ‘రిజిస్టర్డ్ పోస్టులో పంపండి’ అని పాత అలవాటుగా చెబుతుంటాం. 2025లో తపాలా శాఖ రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేసింది. కాబట్టి కౌంటరులో స్పీడ్ పోస్టే అడగండి, అందినట్టు రుజువు కూడా కావాలని చెప్పండి.

కవరు ఆచూకీ తేలేదాకా అప్పీలు ఆపొద్దు. ఆ వెతుకులాట ఒక పక్క, అప్పీలు ఒక పక్క నడవాలి. ఎవరికి రాయాలంటే, చాలా మండల ఆఫీసుల్లో డిప్యూటీ తహసీల్దారు పీఐఓగా, తహసీల్దారు మొదటి అప్పీలు అధికారిగా ఉంటారు. కొన్నిచోట్ల తహసీల్దారే పీఐఓ, ఆర్డీవో (రెవెన్యూ డివిజనల్ అధికారి) అప్పీలు అధికారి. ఆఫీసులో గోడకు బోర్డు ఉండాలి, మీరు వెళ్లినప్పుడు చూసి ఉంటే సరే. లేకపోతే ఊళ్లో ఎవరినైనా ఫోటో తీసి పంపమనండి. పేరు తెలియనక్కర లేదు, హోదా రాస్తే చాలు. అప్పీలుకు మన రెండు రాష్ట్రాల్లోనూ ఫీజు లేదు. స్టాంపు పేపరూ అక్కర్లేదు, వకీలూ అక్కర్లేదు. తెల్ల కాగితం మీద ఈ మాత్రం రాస్తే సరిపోతుంది:

‘నేను పంపిన దరఖాస్తు మీ కార్యాలయానికి జూన్ 9న అందింది. స్పీడ్ పోస్టు ట్రాకింగ్ ప్రతి జత చేశాను. 30 రోజుల్లో నాకు సమాచారం గానీ, ఫీజు కోరే ఉత్తరం గానీ, కారణాలతో తిరస్కరణ గానీ అందలేదు. పంపామని జూలైలో ఫోన్లో చెప్పారు, నాకు ఏదీ చేరలేదు. సెక్షన్ 7(2) ప్రకారం దీన్ని తిరస్కరణగా భావించి సెక్షన్ 19(1) కింద ఈ అప్పీలు చేసుకుంటున్నాను. అడిగిన సమాచారం సెక్షన్ 7(6) ప్రకారం ఉచితంగా, ధ్రువీకరించిన నకళ్ల రూపంలో స్పీడ్ పోస్టులో ఇప్పించండి. ఏదైనా పంపి ఉంటే దాని కార్యాలయ ప్రతి, డిస్పాచ్ రిజిస్టరు పేజీ, తపాలా రశీదు కూడా ఇప్పించండి. ఆఫీసుకు వచ్చి ఫైలు స్వయంగా చూసుకునే అవకాశం కూడా ఇప్పించండి.’

ఇంతే. కోపం, వేదన, ‘మీ మీద చర్య తీసుకుంటాం’ లాంటివి వద్దు. దరఖాస్తు నకలు, దరఖాస్తు ఫీజు కట్టిన రుజువు, ట్రాకింగ్ ప్రతి జత చేయండి. ఊరికి ఎలాగూ వెళ్తుంటే చేతికిచ్చి, మీ ప్రతి మీద తేదీ వేసిన ఆఫీసు ముద్ర కొట్టించుకోండి. ‘రేపు రండి, ముద్ర వేసేవాడు లేడు’ అంటే అక్కడ వాదించకుండా ఆ ఊరి పోస్టాఫీసులోనే స్పీడ్ పోస్టు చేసి రండి.

అప్పీలు పడ్డాక రుజువు భారం మీది కాదు, పీఐఓది. సమాచారం ఇవ్వకపోవడం సరైనదేనని ఆయనే నిరూపించుకోవాలని సెక్షన్ 19(5) చెబుతోంది. ‘మామూలు పోస్టులో వేశాం, అందే ఉంటుంది’ అన్నది నిలబడే జవాబు కాదు. సరైన చిరునామాతో, డబ్బు కట్టి రిజిస్టరు చేసిన పోస్టుకైతే అందినట్టే భావించాలని 1897 నాటి జనరల్ క్లాజుల చట్టం అంటుంది. మామూలు కవరుకు ఆ రక్షణ లేదు.

ఒకవేళ వాళ్లు జూలై 9కి ముందు తేదీతో నిజమైన ఫీజు ఉత్తరం, డిస్పాచ్ నంబరుతో సహా చూపించారనుకోండి. అప్పుడు గొడవ పడకుండా కట్టేయండి. మన రాష్ట్రంలో కాపీకి పేజీకి 2 రూపాయలు. నలభై పేజీలైనా 80 రూపాయలు. దానికోసం సెక్షన్లు వల్లిస్తూ ఇంకో రెండు నెలలు పోగొట్టుకోవడం తెలివైన పని కాదు. ‘ఈ ఉత్తరం నాకు ముందు అందలేదు, అయినా కడుతున్నాను’ అని ఒక వాక్యం రాసి రశీదు తీసుకోండి. అప్పీలును మాత్రం వెనక్కి తీసుకోకండి, కాపీలు చేతికొచ్చాక చూద్దాం. ఫీజు ఉత్తరంలో ఎన్ని పేజీలు, ఎలా లెక్కగట్టారు అన్నది ఉండాలి. ‘500 పంపండి’ అని ఊరికే రాస్తే అది ఫీజు ఉత్తరం కాదు.

మొదటి అప్పీలు అధికారి 30 రోజుల్లో తేల్చాలి, కారణం రాసుకుంటే 45 రోజుల వరకు తీసుకోవచ్చు. ఆయనకు జరిమానా వేసే అధికారం లేదు. రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా వేసేది సమాచార కమిషన్ ఒక్కటే, ఆ డబ్బు కూడా ప్రభుత్వానికి పోతుంది, మీకు రాదు. మీకు నష్టం జరిగిందని చూపగలిగితే పరిహారం ఇప్పించే అధికారం కమిషన్‌కు వేరుగా ఉంది. మొదటి అప్పీలు అధికారి కూడా పలకకపోతే, లేక మొక్కుబడిగా ‘ఇమ్మని చెప్పాం’ అని రాసి ఊరుకుంటే, 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. మీరుండేది హైదరాబాదులో అయినా, ఆఫీసు ఆంధ్రప్రదేశ్‌ది కాబట్టి మీ అప్పీలు మంగళగిరికి వెళ్లాలి, మొజంజాహి మార్కెట్ దగ్గరున్న తెలంగాణ కమిషన్‌కు కాదు. ఈ పొరపాటు హైదరాబాదులో స్థిరపడిన ఆంధ్రావాళ్లు చేస్తూనే ఉంటారు.

రెండో అప్పీలు త్వరగా తేలుతుందని మాత్రం నేను చెప్పలేను. కమిషన్లు ఎలా నడుస్తాయో పక్కనే తెలంగాణలో చూడండి, అక్కడ 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే వరకు ఒక్క కమిషనరూ లేక కమిషన్ తలుపులు తెరిచున్నా పని ఆగిపోయింది. ఆ కాలపు అప్పీళ్ల కుప్ప ఎంత పెరిగి ఉంటుందో ఊహించుకోండి. అందుకే నేను మొదటి అప్పీలు దగ్గరే బలమంతా పెట్టమంటాను. విచారణకు పిలిస్తే ఒక్కరోజు సెలవు పెట్టి వెళ్లండి. మనిషి ఎదురుగా కూర్చుంటే ఫైలు కదిలే తీరే వేరు.

ఇప్పుడు మీరు అడిగిన తీరు గురించి. ‘1980 నుంచి అడంగల్ కాపీలు’ అని రాశారు. అది చట్టరీత్యా తప్పు కాదు, కానీ పని చేసేవాడికి అది కొండ. అడంగళ్లు రెవెన్యూ శాఖ వాడే ఫసలీ సంవత్సరాల వారీగా ఉంటాయి, ఆ సంవత్సరాలు జూలై 1న మొదలవుతాయి. మన సంవత్సరంలోంచి 590 తీసేస్తే ఫసలీ వస్తుంది. 1990-91 అంటే ఫసలీ 1400. మీ నాన్నగారు 2011లో పోయారు, పేరు మారింది 2019 ప్రాంతంలో అంటున్నారు. అయితే ఫసలీ 1419 నుంచి 1430 వరకు చాలు మీకు. 1984లో కరణాల వ్యవస్థ పోయింది, 1985 మే 25న తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. అంతకు ముందరి అడంగళ్లు పాత తాలూకా కేంద్రంలో ఉండొచ్చు, కలెక్టరేట్ రికార్డు గదిలో ఉండొచ్చు, కరణంగారింటి అటక మీదే పోయి ఉండొచ్చు. మీ ఒక్క దరఖాస్తు ఆ పాత సంవత్సరాల దగ్గర చిక్కుకుని, అసలు కావలసిన 2019 ఫైలు కూడా ఆగిపోయి ఉంటే ఆశ్చర్యం లేదు.

అందుకే అప్పీలుతో పాటు (దానికి బదులుగా కాదు) వేరేగా ఇంకో చిన్న దరఖాస్తు పెట్టండి. మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు. అందులో మూడే అడగండి: సర్వే నంబరు ఫలానాకు సంబంధించిన మ్యుటేషన్ ఫైలు నంబరు, దాని నోట్ ఫైలుతో సహా అన్ని పేజీల నకళ్లు; ఆ మ్యుటేషన్‌కు ముందు ఎవరెవరికి నోటీసులిచ్చారో ఆ నోటీసుల నకళ్లు; ఫసలీ 1419 నుంచి 1430 వరకు ఆ సర్వే నంబరు ఉన్న అడంగల్ పేజీలు. నోట్ ఫైలు అని ప్రత్యేకంగా రాయడం మరిచిపోకండి. ఆర్డరు ఒక్క పేజీయే ఉంటుంది, దాని వెనక ఎవరు ఏం రాశారో నోట్ ఫైలులోనే తెలుస్తుంది. మీ దరఖాస్తు కాగితం ఆ ఆఫీసులో ఏ రోజు ఎవరి టేబుల్ మీద ఉందో కూడా అడగొచ్చు. ఆ ప్రశ్న చూడగానే మొదటి దరఖాస్తుకు కాళ్లు రావడం నేను చాలాసార్లు చూశాను.

ఫైళ్లలో కొంత భాగం పాత జిల్లా కేంద్రం ఒంగోలులో ఉంది, మా దగ్గర లేదు అని వాళ్లు అనొచ్చు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు చాలా కాగితాలు అటూ ఇటూ అయ్యాయి, కాబట్టి అది నిజమే కావొచ్చు. అప్పుడు కూడా తిరగాల్సింది మీరు కాదు. దరఖాస్తును 5 రోజుల్లో ఆ ఆఫీసుకు బదిలీ చేసి మీకు తెలియజేయాల్సింది వాళ్లే. సెక్షన్ 6(3).

‘ఫైలు దొరకడం లేదు’ అంటే మాత్రం నీరుగారిపోవద్దు. ఇవ్వకూడని వాటి జాబితా సెక్షన్ 8లో ఉంది, అందులో ‘దొరకనివి’ అనేది లేదు. 2013లో ఢిల్లీ హైకోర్టు ఇదే విషయం మీద గట్టిగా చెప్పింది: ఒకప్పుడు ఉన్న రికార్డు దొరకలేదంటే సరిపోదు, బాగా వెతకాలి, విచారించి బాధ్యులెవరో తేల్చాలి. ‘పాతది, తగలబెట్టేశాం’ అంటే ఆ ఫైలు ఏ రకంగా ముగించారో అడగండి. రెవెన్యూలో ప్రతి ఫైలును ముగించేటప్పుడు ఒక గుర్తు వేస్తారు. ఆర్.డిస్ అంటే శాశ్వతంగా ఉంచాలి, డి.డిస్ అంటే 10 ఏళ్లు, కె.డిస్ 3 ఏళ్లు, ఎల్.డిస్ ఏడాది. భూమి పేరు మార్చిన ఫైలును మూడేళ్లకో ఏడాదికో పారేసే కాగితంగా ముగించి ఉంటే అదే ఒక ప్రశ్న. నాశనం చేసిన రికార్డుల రిజిస్టరు నకలు అడిగితే, చాలాసార్లు ఆ రిజిస్టరుకు బదులు ఫైలే దొరుకుతుంది.

ఇక అన్నయ్య సంగతి. అమ్మగారి భయం ఉత్త భయం కాదు. మ్యుటేషన్ ఫైలులో ఆయన ఇచ్చిన కాగితాలుంటాయి కాబట్టి, ఇవ్వాలనుకుంటే పీఐఓ సెక్షన్ 11 కింద ఆయనకు నోటీసు ఇవ్వొచ్చు, 10 రోజుల్లో అభ్యంతరం చెప్పుకోమని. అలా నోటీసిస్తే గడువు 40 రోజులవుతుంది. మీ ఇద్దరి మధ్య మాటలు ఇంకా ఉంటే, ఆ నోటీసు వెళ్లేలోపు మీరే చెప్పడం మేలని నా అభిప్రాయం. ‘నాన్న కాగితాలు చూసుకుందామని అడిగాను’ అంటే ఒక రకంగా ఉంటుంది, తపాలా మనిషి చేతిలోంచి తెలిస్తే ఇంకో రకంగా ఉంటుంది. ఆయన అభ్యంతరం చెప్పినంత మాత్రాన పీఐఓ ఇవ్వడం ఆపేయక్కర లేదు, తన నిర్ణయం తాను తీసుకోవాలి.

‘వ్యక్తిగత సమాచారం, ఇవ్వం’ అనే జవాబుకు కూడా సిద్ధంగా ఉండండి. 2023 డేటా రక్షణ చట్టం సెక్షన్ 8(1)(జె)ని కుదించి, వ్యక్తిగత సమాచారం అన్నంతనే కాదనే వీలు కల్పించింది. నా దృష్టిలో ఇది పౌరుడి చేతిలోంచి పెద్ద ఆయుధం లాక్కోవడమే. అయినా ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వాలన్న సెక్షన్ 8(2) ఇంకా ఉంది. పైగా మీరు ముక్కూ మొహం తెలియని మూడో మనిషి కాదు, ఆ పట్టాదారు వారసురాలు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, నాన్నగారి మరణ ధ్రువపత్రం, పాత పాసు పుస్తకం నకలు ఉంటే అప్పీలుకు జత చేయండి. కారణం చెప్పనక్కర లేదని చట్టం అంటుంది, నిజమే. ఇక్కడ మాత్రం చెబితే మీకే లాభం.

చివరిగా, ఈ కాగితాల కోసం చూస్తూ అసలు పని ఆపకండి. ఇప్పుడున్న 1-బి (భూమి హక్కుల రికార్డు), అడంగల్ ప్రతులు ప్రభుత్వ వెబ్‌సైటు మీభూమిలో ఈ రోజే తీసి దాచుకోండి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు నుంచి ఈసీ (ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీల పట్టిక) తీయించండి. అన్నయ్య పేరున దానపత్రమో, అమ్మకమో, భాగపరిష్కారమో రిజిస్టరై ఉంటే అందులో కనబడుతుంది, దాని సర్టిఫైడ్ కాపీ ఫీజు కట్టి మీరే తీసుకోవచ్చు, దానికి సమాచార హక్కు చట్టమే అక్కర్లేదు. ఈసీలో ఏమీ లేకపోతే, మరి దేన్ని చూసి మార్చారన్న మీ ప్రశ్న ఇంకా బలపడుతుంది. 1971 నాటి పట్టాదారు పాసు పుస్తకాల చట్టం కింద తహసీల్దారు ఆర్డరు మీద ఆర్డీవోకు అప్పీలు ఉంది, దానికీ గడువు ఉంది. అది ఎప్పటి నుంచి లెక్కపెట్టాలన్నది మీకు నోటీసు వచ్చిందా, ఆర్డరు సంగతి ఎప్పుడు తెలిసింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. అందుకని చీరాలలోనో ఒంగోలులోనో భూమి కేసులు చూసే వకీలును ఈ నెలలోనే కలవండి. రెవెన్యూ రికార్డులో పేరు మారినంత మాత్రాన హక్కు మారదన్నది కోర్టులు ఎన్నోసార్లు చెప్పిన మాటే, అమ్మగారికి అది చెప్పండి. వకీలు దగ్గరికి వెళ్లేటప్పుడు జూన్ 9 ట్రాకింగ్ ప్రతి, అప్పీలు రశీదు, ఫోన్లో ఎవరేమన్నారో రాసుకున్న కాగితం కూడా పట్టుకెళ్లండి.